పొరకల అవ్వ మీద నేను రాసిన అర్జీ

నా చిన్నప్పుడు నాకు ఇంగ్లీషు బాగా వచ్చని ఊరంతా నమ్మేది. నిజానికి అప్పటికి నాకు వచ్చింది ఓ నాలుగైదు డజన్ల మాటలు, పది పన్నెండు వాక్యాలు. ఊళ్ళో మిగతావాళ్ళకు అవి కూడా రావు కాబట్టి నేను పండితురాలినైపోయాను. పదకొండేళ్ళ పిల్లకు అంత పేరు వస్తే తల తిరగకుండా ఎట్లా ఉంటుంది? నాకూ తిరిగింది. ఆ తిరిగిన తలతో చేసిన ఒక పని ఈ వయసులో కూడా నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. అది చెప్పుకుందామనే ఇప్పుడు కాగితం ముందేసుకున్నాను.

మా ఊరు పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో, బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడవాలి. నాకు ఇంగ్లీషు నేర్పింది మా పక్కింటి అక్క. వాళ్ళు క్రైస్తవులు. ఆమె మదనపల్లెలో ఒక మిషను బడిలో చిన్న పిల్లలకు చదువు చెబుతూ అక్కడే ఉండేది. శనివారం మధ్యాహ్నం బస్సుకు ఇంటికి వచ్చేది, ఆదివారం ప్రార్థన అయ్యాక తిరిగి పోయేది. శనివారం వాళ్ళింటి తిన్నె మీద నన్నూ ఇంకో ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టుకొని వారానికి ఒక్క మాట చెప్పేది. ఒక్కటే. రెండోది అడిగితే, మొదటిది అరిగిందా అనేది. ఆ మాటతో మేము పలక మీద మూడు వాక్యాలు రాయాలి, ఆ మూడూ మా కళ్ళతో చూసినవే అయివుండాలి. పులిని చూడనివాడు పులి గురించి రాస్తే ఉమ్మి పెట్టి తుడిపించేది.

ఆ వారం ఆమె చెప్పిన మాట ‘సెట్ ఫైర్ టు’. దేనికైనా నిప్పు పెట్టడం అని అర్థం చెప్పింది. దీపం వెలిగించినా పొయ్యి అంటించినా ఈ మాట వాడరని, వాటికి వేరే మాటలు ఉన్నాయని, ఇది కాలిపోయే దాని గురించి చెప్పే మాట అని చెప్పింది. కావాలని పెట్టినా ఏమరుపాటున పెట్టినా, పెట్టిన చెయ్యి ఒకటి ఉంటేనే ఈ మాట రాయాలంది. దానంతట అది అంటుకుంటే దానికి ఇంకో మాట ఉంది, అది వచ్చే వారం అంది. మా నాన్న చెరుకుతోటలో ఎండిన ఆకు తగలబెట్టడం నేను చూశాను కాబట్టి దాని మీద ఒక వాక్యం రాశాను. రెండోదానికి చూసింది ఏమీ తోచక, ఎవరో గడ్డివామికి నిప్పు పెట్టారని రాసేశాను. అక్క నా వైపు చూసి, ఏ వామి, ఎవరు అని అడిగింది. నేను పలక కిందికి వంచాను. ఆమె నా పలక తీసుకొని ఆ వాక్యం తనే తుడిచేసింది.

అది దసరా వెళ్ళిన తర్వాతి రోజులు. ఆ ఏడు వేరుశనగ బాగా పండింది కానీ కాయలు పీకే నాటికి వానలు పట్టుకున్నాయి. కాయలు ఒలుచుకున్నాక మిగిలిన కట్టె, అంటే ఆకూ తీగా, ఎండాకాలమంతా పశువులకు మేత. దాన్ని చేలో బాగా ఎండనిచ్చి వామి వేయాలి. ఆ ఏడు మబ్బు చూసి అందరూ భయపడ్డారు. సగం ఆరీ ఆరని కట్టెను హడావుడిగా తెచ్చి, వాన నీళ్ళు దిగకుండా గట్టిగా తొక్కి మరీ వాములు వేశారు. మొదట వేసింది మా పెదనాయన. ఆయనను చూసి మా తాత వేశాడు. మా వామి ఇంటి వెనక కల్లంలోనే ఉండేది.

వేసిన కొన్నాళ్ళకు ఆ వాములు ఒకరకంగా ఉండటం మొదలుపెట్టాయి. పొద్దున్నే చూస్తే పైనుంచి సన్నగా ఆవిరి లేచేది. దగ్గరికి పోతే తీపి వాసన, బెల్లం పాకం అడుగంటినప్పటి వాసన. పెదనాయన వామి నడిమధ్యలో గుంట పడింది, రాత్రంతా ఎవరో బరువైనవాళ్ళు దాని మీద కూర్చొని లేచిపోయినట్టు. పిల్లలం దాని మీద ఎక్కి దూకేవాళ్ళం కదా, ఎందుకో ఎవరమూ ఎక్కడం మానేశాం. ఎవరూ వద్దనలేదు. మాకే బుద్ధి పుట్టలేదు. మా ఇంటి కోడి ఒకటి వామి పక్కన పొదిగిన గుడ్లు వదిలేసి వచ్చి వసారాలో కూర్చుంది.

మా వీధి చివర ఒక ముసలామె ఉండేది. ఈత ఆకు చీల్చి పొరకలు, అంటే చీపుర్లు, కట్టి ఊళ్ళో ఇచ్చేది. మేము పొరకల అవ్వ అనేవాళ్ళం. ఒంటరి మనిషి. అగ్గిపెట్టె కొనే అలవాటు ఆమెకు లేదు. పొద్దున్నే ఒక పిడక ముక్క పట్టుకొని ఎవరో ఒకరి ఇంటికి పోయి, పొయ్యిలోంచి నిప్పు అడిగి పిడక మీద పెట్టించుకొని, కొంగు అడ్డం పెట్టి ఊదుకుంటూ వచ్చేది. ఊళ్ళో చాలామంది అంతే. కానీ శుక్రవారం మాత్రం ఎవరూ ఎవరికీ నిప్పు ఇవ్వరు. ఇస్తే ఇంట్లో లక్ష్మి వెళ్ళిపోతుందని. ఆ సంగతి అవ్వకు తెలియనిది కాదు. పాపం నాలుగు రోజులు జ్వరంతో పడి లేచింది, వారం లెక్క తప్పింది. అక్క నాకు ఆ మాట నేర్పడానికి ముందురోజు, శుక్రవారం పొద్దున్నే, పెదనాయన ఇంటికి పోయి నిప్పు అడిగింది.

నేను అప్పుడు అక్కడే ఉన్నాను. మా పెద్దమ్మ అంతెత్తున లేచింది.

“శుక్రవారం పొద్దన్నే నిప్పు అడగను యాల వచ్చినావు? నీకు బుద్ధి ఉండాదా?”

అవ్వ తెల్లబోయింది. చేతిలోని పిడక ముక్క కొంగులో దాచుకుంది. “మర్సిపోయినాను తల్లీ. సర్లే, మీ నిప్పు మీకాడే ఉండనీ” అని నెమ్మదిగా వెళ్ళిపోయింది. అంతకు మించి ఒక్క మాట లేదు. అది నేను విన్నాను, చూశాను.

సోమవారం మిట్టమధ్యాహ్నం పెదనాయన వామి అంటుకుంది. ఆకు కదలని గాలి, చుట్టుపక్కల మనిషి లేడు. ఇంట్లో అందరూ అన్నాలకు కూర్చున్నారు. అది మండిన తీరే వింత. మామూలుగా మంట అంచున మొదలై పైకి పాకుతుంది. ఇది నడుమనుంచి వచ్చింది. ముందు గుంటలోంచి నల్లటి పొగ నిటారుగా లేచింది, తర్వాత వామి తనే నోరు తెరిచినట్టు లోపలి మంట బయటికి కనపడింది. నీళ్ళు పోసినవాళ్ళు పోస్తూనే ఉన్నారు, పైన ఆరిన చోట లోపల ఎర్రగా కనిపిస్తూనే ఉంది. సాయంత్రానికి బూడిద కుప్ప మిగిలింది. నేను ఆ బూడిద చూస్తూ, శనివారం నా పలక మీద రాసిన వాక్యం గుర్తొచ్చి, ఎవరికీ చెప్పకుండా వణికిపోయాను. నేను రాయబట్టే కాలిందేమో అనుకున్నాను.

మొదట కొరివి దయ్యం అన్నారు. చీకటి పడేసరికి పెద్దమ్మ శుక్రవారం నాటి మాట బయటపెట్టింది. ‘మీ నిప్పు మీకాడే ఉండనీ’ అందంట, అన్నట్టే నిప్పు వాళ్ళ దగ్గరికే వచ్చిందంట. ఆ మాట వీధి ఈ చివర బయలుదేరి ఆ చివరకు పోయేలోగా శాపం అయింది, ఇంకాస్త తిరిగి వచ్చేసరికి అవ్వ వామి దగ్గర తచ్చాడటం కళ్ళారా చూసినవాళ్ళు కూడా పుట్టారు. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, కాస్త ఊరటగా అనిపించింది. కాల్చింది నా పలక కాదన్నమాట.

మంగళవారం పెదనాయన నన్ను పిలిపించాడు. ఏడాది మేత పోయిన మనిషి, నాలుగు పాడి పశువులు, ఆయన ముఖం చూస్తే జాలి వేసింది. పుంగనూరు స్టేషన్లో అర్జీ ఇవ్వాలంట. తెలుగులో రాస్తే పక్కన పడేస్తారు, ఇంగ్లీషులో ఉంటే విలువ ఉంటుందని ఎవరో చెప్పారు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కింద పలక పెట్టి, తెల్ల కాగితం ఇచ్చారు. చుట్టూ పెద్దలు. అంతమంది మగవాళ్ళు ఒక ఆడపిల్ల రాసేదాకా నోరు మూసుకొని నిలబడటం నేను ఎన్నడూ చూడలేదు. ఎంత గర్వంగా ఉందని! అవ్వ పేరు రాశాను. దాని పక్కన, ముందటి శనివారమే నేర్చుకున్న ఆ మూడు మాటలూ రాశాను. అతికినట్టు సరిపోయాయి.

“ఏమి రాసినావు పాపా?” అన్నాడు పెదనాయన.

“వామికి నిప్పు పెట్టిందని రాసినాను.”

“అట్లే ఉండనీ. ఇంకొంచెం గట్టిగా రాయి.”

ఇంకొంచెం గట్టిగా ఎట్లా రాయాలో తెలియక ఆ మాటల కింద గీత గీశాను.

శనివారం పొద్దున్నే కానిస్టేబులు వచ్చాడు. ఆ రోజు బడికి సెలవు. బడి వరండాలో కుర్చీ వేసి ఆయనను కూర్చోబెట్టారు, అవ్వను కింద కూర్చోబెట్టారు. సాయంత్రం బస్సుకు ఆమెను స్టేషనుకు తీసుకుపోతారని, అక్కడ వదిలేసినా మళ్ళీ ఊళ్ళోకి రానివ్వకూడదని, గుడిసె పీకేయాలని అప్పటికే పెద్దలు అనుకున్నారు. ఆ వయసులో ఆమె ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నం బస్సుకు అక్క వచ్చింది. నేను పరుగెత్తుకుంటూ పోయి, ఇంట్లో దాచుకున్న అర్జీ నకలు చూపించాను. మెచ్చుకుంటుందని. ఆమె అది రెండుసార్లు చదివింది. వాక్యంలో తప్పులేదా అని అడిగాను.

“తప్పు లేదు” అంది అక్క. “నువ్వు చూసినావా?”

అక్క కాగితం మడిచి జాకెట్లో పెట్టుకొని, కొంతసేపు గాలిలోకి ముఖం పెట్టి వాసన చూసింది. ఆ తీపి వాసన అప్పటికి మాకు అలవాటైపోయి ఎవరికీ తెలియడం లేదు. నన్ను చెయ్యి పట్టుకొని మా కల్లంలోకి తీసుకుపోయింది. మా తాత వామి ఉసూరుమన్నట్టు మధ్యలో కుంగి ఉంది. నా మోచెయ్యి దాకా లోపలికి పెట్టమంది. నాకు భయమేసింది. పెట్టు అని గట్టిగా అంది, పెట్టాను. పైన చల్లగా, తడిగా ఉంది. లోపలికి పోయేకొద్దీ వేడి. పొయ్యి వేడి కాదు. ఎవరో కాలే జ్వరంతో లోపల పడుకొని ఉంటే వాళ్ళ ఒంటిని తాకినట్టు ఉంది. కట్టె కూడా మెత్తగా చెమ్మగా చేతికి అంటుకుంది. చటుక్కున లాగేసుకున్నాను. అంత పట్టపగలు, ఎండలో నిలబడి, నాకు పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

అక్క మెల్లిగా చెప్పింది. పచ్చి మేత గట్టిగా తొక్కి పేరిస్తే లోపల కుళ్ళి వేడెక్కుతుందంట, ఆ వేడి పోయే దారి లేక పెరిగి పెరిగి కొన్ని వారాలకు దానంతట అదే రాజుకుంటుందంట. వాళ్ళ హాస్టలు ఆవులకు వేసిన గడ్డి ఒకసారి అట్లాగే కాలిందంట. ఎవరూ నిప్పు పెట్టనక్కరలేదంది. నాకు దయ్యం కంటే అదే ఎక్కువ భయం వేసింది. దయ్యమైతే బయటినుంచి వస్తుంది. ఇది మేమే తొక్కి పేర్చిన దాంట్లో, ఎవరికీ చెప్పకుండా, మూడు వారాలుగా ఎదుగుతోంది.

మా తాతను పిలిచి, వామి నడుమ దాకా గడ్డపార దిగేసి ఉంచమని, కుండలతో నీళ్ళు సిద్ధం చేయమని చెప్పింది. తర్వాత నన్ను బడి వరండాకు తీసుకుపోయింది. అందరి ముందూ నకలు నా చేతికిచ్చి చదవమంది. చదివాను. ఆ ఇంగ్లీషు వింటూ అవ్వ నా వైపు చూసి కాస్త నవ్వింది, చదువుకున్న పిల్ల అని. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనపడుతుంది. అక్క అంది, “ఇప్పుడు అవ్వకు అర్థమయ్యేట్టు చెప్పు. ఆమె ముఖం చూసి చెప్పు.”

చెప్పాను. ఆమె కోపగించుకుంటుందని, ఏడుస్తుందని అనుకున్నాను. రెండూ చేయలేదు. తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. ఈత ముళ్ళు గీసుకున్న ఎండిపోయిన చేతులు.

“ఏమో తల్లీ” అంది. “ఇంతమంది అంటాండారు. పుస్తకం సదివిన బిడ్డవు నువ్వూ రాసినావు. జొరంలో ఉంటిని గదా, నాకు తెలీకుండా నేనే పోయి పెట్టినానేమో. ఆ పొద్దు మనసులో కూడా కొంచెం కష్టమాయె.”

చేయని పనిని ఆమె చేత ఒప్పించింది నా అక్షరాలే అని ఆ క్షణాన తెలిసింది. ఏడుపు తన్నుకొచ్చింది. “నేను సూడలేదు. నేను సూడకుండా రాసినాను” అని అందరి ముందూ అరిచాను. పెదనాయన నన్ను కసిరాడు. కానిస్టేబులు మాత్రం కుర్చీలోంచి లేచాడు.

అక్క అందరినీ కల్లానికి తీసుకుపోయింది. అవ్వను వీధిలోనే, వామికి చాలా దూరంగా, మా నాయనమ్మ పక్కన కూర్చోబెట్టింది. గడ్డపార బయటికి లాగి, లోపల దిగిన కొనను కానిస్టేబులును పట్టుకోమంది. ఆయన పట్టుకొని అమ్మో అని కింద పడేశాడు. పెదనాయన నమ్మక తను పట్టుకున్నాడు, తనూ వదిలేశాడు. అప్పుడు వామి విప్పమంది. మా తాత కొడవలితో పైపొర లాగాడు, దాని కింద పొర గోధుమరంగు, దాని కింద నలుపు. ఇంకో పొర లాగేసరికి గాలి తగిలి, ఒక్క చెయ్యీ తాకకుండా, అందరి కళ్ళముందే లోపలినుంచి మంట లేచింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. కుండలన్నీ ఖాళీ అయ్యాయి. సగం వామి దక్కింది.

పెదనాయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడిపోయాడు. కానిస్టేబులు ఏదో రాసుకొని ఒక్కడే బస్సుకు పోయాడు. గుడిసె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తప్పయిందని మాత్రం అవ్వతో ఒక్క పెద్దమనిషీ అనలేదు. అందరూ తలా ఒక దారిన, పనులున్నట్టు జారుకున్నారు. ఆ రాత్రి అక్క దగ్గర కూర్చొని ఇంకో కాగితం రాశాను, నేను చూడలేదని, నాకు తెలియదని. సోమవారం మా తాత దాన్ని స్టేషన్లో ఇచ్చి వచ్చాడు.

ఆ సాయంత్రమే, కల్లం దగ్గర అందరూ పోయాక, నేను అవ్వ దగ్గరికి పోయి నిలబడ్డాను. మంట లేవడం ఆమె దూరంనుంచి చూసింది. అయినా నన్ను దగ్గరికి లాక్కొని చెవిలో అడిగింది.

“అట్లయితే నేను కాదు గదా అమ్మణ్ణీ?”

“నువ్వు కాదవ్వా” అన్నాను.

అది అక్కడితో అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. ఆ తర్వాత ఆమె ఎవరి ఇంటికీ నిప్పుకు పోలేదు. మా తాత అగ్గిపెట్టెలు తెచ్చిస్తే తీసుకునేది కాదు. మా అమ్మ నా చేత రోజూ ఒక గిన్నెలో సంగటి, పులుసు పంపేది. పొయ్యి వెలగని ఆ గుడిసెలో నేను గిన్నె పెట్టిన ప్రతిసారీ ఆమె అదే ప్రశ్న అడిగేది, నేను అదే జవాబు చెప్పేదాన్ని. చెప్పిన పూటకు నెమ్మదించేది. మర్నాటికి మళ్ళీ అనుమానం వచ్చేది. నేను ఒక్కసారి రాసింది ఆమెలో దిగిపోయింది, వెయ్యిసార్లు చెప్పింది దిగలేదు.

తర్వాత నేనూ ఇంగ్లీషు టీచరునయ్యాను. మదనపల్లెలోనే ఏళ్ళ తరబడి పాఠం చెప్పి మొన్నమొన్న మానుకున్నాను. ఆ మాట పుస్తకంలో వచ్చినప్పుడల్లా పిల్లలకు అర్థమూ వాడుకా చెప్పేదాన్ని, ఉదాహరణ మాత్రం వాళ్ళనే చెప్పమనేదాన్ని. మా మనవరాలు ఇప్పుడు మదనపల్లె పక్కనున్న అంగళ్ళు అనే ఊళ్ళో ఇంజనీరింగు చదువుతోంది. మొన్న తన ఫోనులో ఎక్కడో కాలుతున్న కొట్టు చూపించి, పెట్టింది వీడేనంట అవ్వా, అని ఒక మనిషి ఫొటో చూపించింది. అందరికీ పంపుతున్నారంట, తనూ పంపబోతోందంట. ఎవరు చూశారే అని అడిగాను. నువ్వు పోలీసువా అని నవ్వింది. కానీ ఫోను పక్కన పెట్టింది. పెట్టిందనే అనుకుంటున్నాను.

పొరకల అవ్వ పోయింది మదనపల్లెలో ఆస్పత్రి మంచం మీద. నేను అప్పటికి కాలేజీలో ఉన్నాను, కబురు తెలిసి పోయాను. నన్ను గుర్తుపట్టలేదు. కొత్త మనిషికి చెప్పినట్టు చెప్పింది, “మా ఊర్లో ఒక వామి కాలిపాయ తల్లీ. నేనే పెట్టినానంట. కాయితంలో ఉండాదంట.” ఆ కాగితం రాసింది నేనేనని, అది అబద్ధమని చెప్పాను. మంచం పక్కన కూర్చొని, చెయ్యి పట్టుకొని, నువ్వు కాదవ్వా, నువ్వు కాదు అని ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఆమె నా ముఖంలోకి చూస్తూనే ఉంది. నమ్మిందో లేదో చెప్పకుండానే కళ్ళు మూసుకుంది.